మెక్‌లెమోర్ వీధిలో ఖాళీ జాగా

1998లో నాకు మెంఫిస్‌లో ప్రాజెక్టు వచ్చిందని చెబితే మా మావయ్య, "అమెరికా అన్నావుగదరా, మళ్లీ ఈజిప్టేంటి?" అన్నాడు. ఆయన సోషల్ మాస్టారు. ఆయన తప్పేం లేదు, ఆ పేరు నైలు నది పక్కనున్న పాత రాజధానిదే. టెనెసీ వాళ్లు మిసిసిపీ ఒడ్డున ఊరు కట్టుకుని ఆ పేరు పెట్టుకున్నారు. అది చాలదన్నట్టు 1991లో నది పక్కన ఉక్కు రేకులతో పిరమిడ్ కూడా ఒకటి లేపారు. నేను దిగేనాటికి అందులో బాస్కెట్‌బాల్ ఆడుతున్నారు. ఆ ఫొటో ఇంటికి పంపాక మావయ్య అనుమానం ఇంకాస్త పెరిగింది.

అమీర్‌పేటలో మూడు నెలలు కోబోల్ నేర్చుకుని వైటూకే గాలికి సముద్రం దాటిన బ్యాచ్ మాది. మెంఫిస్ అంటే విమానాల్లో పార్శిళ్లు మోసే ఫెడెక్స్ కంపెనీ ఊరు. రాత్రి పదకొండు దాటాక బాల్కనీలో నిలబడితే, దీపాల తోరణం కట్టినట్టు విమానాలు వరసగా దిగుతూ కనిపించేవి. ఇంటి మీద బెంగ పెట్టుకున్న రాత్రుల్లో వాటిని లెక్కపెడుతూ కూర్చునేవాణ్ని.

ఆఫీసులో నా పక్క క్యూబికల్‌లో ఒక నల్లజాతి పెద్దాయన ఉండేవారు. మెయిన్‌ఫ్రేమ్ షెడ్యూళ్లు చూసేవారు. ఆయన పేరు రాయను, నలుగురిలో తన మాట ఎత్తితే ఆయనకి నచ్చదు. పెద్దాయన అంటున్నాను గానీ అప్పటికి ఆయనకి యాభై కూడా లేవు. నాకు ఇరవై నాలుగు కాబట్టి అలా అనిపించేది. పనిచేస్తూ బల్ల మీద వేళ్లతో ఏదో వాయించుకునే అలవాటు ఆయనకి.

మొదటి వారాంతంలో అందరిలాగే నేనూ ఎల్విస్ ప్రెస్లీ ఇల్లు చూసొచ్చాను. సోమవారం ఆ సంగతి చెబితే తల ఊపి, "మంచిది. టిక్కెట్టు అక్కర్లేని చోటు ఒకటుంది, చూస్తావా?" అన్నారు.

ఆ శనివారం పొద్దున్నే కారేసుకుని వచ్చారు. రేడియోలో 1070, డబ్ల్యూడీఐఏ. పూర్తిగా నల్లవాళ్ల కోసం కార్యక్రమాలు నడిపిన మొదటి రేడియో స్టేషన్ దేశంలో అదేనట, 1940ల చివర్లో మొదలైంది. అందులో ఒక ముసలాయన గొంతు, జోకులేస్తూ తనే నవ్వుకుంటూ. "రూఫస్ థామస్. ఎనభై దాటాయి. ఈ ఊళ్లో అన్నీ ఈయన దగ్గరే మొదలయ్యాయి" అన్నారు. మేముండే తూర్పు వైపు మాల్స్ అయిపోయాయి, తర్వాత చెక్కలు కొట్టేసిన దుకాణాలు వచ్చాయి. మెక్‌లెమోర్ వీధిలో ఒక మూల కారు ఆపి, "ఇదే" అన్నారు.

"ఏది?"

"ఇదే."

గడ్డి. అక్కడక్కడా సిమెంటు పెచ్చులు. ఒక ఖాళీ సీసా. మా తెనాలిలో అయితే ఈపాటికి ఎవడో ఆక్రమించి బడ్డీకొట్టు పెట్టేసేవాడు అనుకున్నాను, పైకి అనలేదు. ఆయన ఆ గడ్డి ముందు నిలబడ్డ తీరు చూస్తే అనబుద్ధి కాలేదు.

అది నల్లవాళ్ల సోల్ పాటలకి పేరుపడ్డ స్టాక్స్ రికార్డ్స్ కంపెనీ ఉన్న చోటు. 926, ఈస్ట్ మెక్‌లెమోర్ అవెన్యూ. 1989లో పడగొట్టారు.

ఈ కథ నేను ఆయన నోట ముక్కలు ముక్కలుగా విన్నాను. తర్వాత దొరికినవన్నీ చదివి అతికించుకున్నాను. జిమ్ స్టీవర్ట్ అని ఒక తెల్లాయన, పగలు బ్యాంకులో గుమాస్తా, రాత్రి పల్లెపాటల బ్యాండులో ఫిడేలు. 1957లో సరదాగా రికార్డుల కంపెనీ పెట్టాడు. పాటలు చేయడానికి మంచి మిషను లేకపోతే ఆయన అక్క ఎస్టెల్ ఆక్స్‌టన్, ఆవిడా బ్యాంకు ఉద్యోగే, మొగుణ్ని ఒప్పించి ఇల్లు తాకట్టు పెట్టి 2,500 డాలర్లు తెచ్చి ఇచ్చింది. ఇద్దరి ఇంటిపేర్లలోని మొదటి రెండేసి అక్షరాలు కలిపితే స్టాక్స్. 1960లో మూతపడ్డ సినిమా హాలు ఒకటి అద్దెకి తీసుకుని అందులోకి మారారు.

సినిమా హాలు అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఇంటి వెనక సందులోనే హాలు ఉండేది. మ్యాట్నీకి ముందు మైకులో ఘంటసాల 'నమో వెంకటేశా' వినిపిస్తే ఇంట్లో అన్నం కంచాలు వదిలేసి పరిగెత్తేవాళ్లం. ఇప్పుడది ఫంక్షన్ హాలు. నేలంతా చదును చేసి పాలరాయి పరిచారు. మెంఫిస్ వాళ్ల దగ్గర చదును చేయించడానికి డబ్బుల్లేవు. కుర్చీలు పీకేశారు, తెర ఉండే వేదిక మీద రికార్డింగ్ మిషన్లు పెట్టారు, వాయించేవాళ్లు ఏటవాలు నేల మీదే నిలబడి వాయించారు. ఎత్తు కప్పు, వాలు నేల, గోడలకి వేలాడదీసిన గుడ్డలు. శబ్దం ఆ గదిలో ఎక్కడా సూటిగా తగిలేది కాదు. ఆ పాటల్లో డ్రమ్ముకీ బూరలకీ ఉన్న ఆ గుండ్రటి బరువు చాలావరకు ఆ గది ఇచ్చిందేనంటారు. డబ్బుండి చదును చేయించి ఉంటే ఏమయ్యేదో!

టిక్కెట్లు దాటగానే మిఠాయిలు, పాప్‌కార్న్ అమ్మే కౌంటర్ ఉండేది. ఎస్టెల్ అక్కడ శాటిలైట్ అని రికార్డుల కొట్టు పెట్టింది. మా పెద్దాయన కథలోకి వచ్చేది ఇక్కడే. పన్నెండేళ్లప్పటి నుంచి ఆయన మకాం ఆ కొట్లోనే. చేతిలో డబ్బులుంటే కదా కొనడానికి! ఊరికే నిలబడేవారు. ఆవిడ కసిరేది కాదు. పైగా లోపల అప్పుడే చేసిన పాటని తెచ్చి అక్కడ వేసి, పిల్లలు కాళ్లు కదుపుతున్నారా లేదా చూసేదట. "మేం గెంతితేనే ఆ పాట బయటికొచ్చేది. పెద్ద పెద్ద పాటలన్నీ పాస్ చేసింది ఈ కాళ్లే" అని బూట్లు చూపించేవారు. ఎస్టెల్ అలా కుర్రాళ్ల మీద పాటలు పరీక్షించేదన్నది నిజమే. మిగతాది ఆయన గొప్ప.

ఆ చుట్టుపక్కల అంతా అదే వరస. ఎదురుగా కిరాణా కొట్లో సామాన్లు సర్దే డేవిడ్ పోర్టర్ రోడ్డు దాటి వచ్చి పాటల రచయిత అయ్యాడు. రూఫస్ థామస్, ఆయన కూతురు కార్లా కలిసి పాడుతుంటే బారిటోన్ సాక్సఫోన్ కావాల్సొచ్చింది. బళ్లో క్లాసు జరుగుతుండగా బుకర్ టి. జోన్స్ అనే పదహారేళ్ల పిల్లాణ్ని పిలుచుకొచ్చారు. రెండేళ్లకి అదే పిల్లాడు ఆర్గన్ ముందు కూర్చుని, స్టూడియోలో ఖాళీగా ఉన్న పూట తోటివాళ్లతో వాయించిన బాణీ ప్రపంచమంతా తిరిగింది. దాని పేరు 'గ్రీన్ ఆనియన్స్'. ఉల్లికాడలు! పాటకి ఉల్లికాడలని పేరు పెట్టేవాళ్లు ఇంకెక్కడైనా ఉన్నారా అని నేను నవ్వితే ఆయన నవ్వలేదు. హెడ్‌ఫోన్లు నా చెవికి పెట్టారు. మూడు నిమిషాలు కూడా లేదది. ఆపాక నేను మళ్లీ పెట్టమన్నాను.

స్టాక్స్ పాటల్లో ఏముందో చెప్పమంటే నేను ఇప్పటికీ తడబడతాను. పెద్దాయన క్యాంటీన్ బల్ల మీద వాయించి చూపించారు. "ఒకటి" మీద పడాల్సినప్పుడు పడుతుంది. "రెండు" దగ్గర మాత్రం దెబ్బ ఒక వెంట్రుకంత ఆగి పడుతుంది. తాళం తప్పిందేమో అనిపిస్తుంది, తప్పదు. పడీపడనట్టు పడుతుంది. డ్రమ్ముల మీద అల్ జాక్సన్, గిటారు మీద స్టీవ్ క్రాపర్ ఇద్దరూ ఒకే లెక్కన ఆలస్యంగా కొడతారు. అదే కిటుకు. మా ఊరి రామాలయంలో చెక్కభజన పట్టే తాత ఒకాయన ఉండేవాడు, అందరి కన్నా అర క్షణం వెనక. ఆయన రాని రోజు భజన పరిగెత్తేది. నేనా సంగతి చెబితే పెద్దాయన, "ఆ తాతని మెంఫిస్ పంపాల్సింది" అన్నారు.

కాగితాల మీద స్వరాలు రాసుకోవడం లేదు. గాయకుడు ఓటిస్ రెడ్డింగ్ అయితే బూరల వాళ్ల ముందు నిలబడి వాళ్లు ఊదాల్సింది నోటితో పాడి చూపించేవాడట. ఆయన అక్కడికి వచ్చిందే విచిత్రంగా. జార్జియా నుంచి ఇంకో గిటారు ఆయన రికార్డింగుకి వస్తుంటే బండి నడుపుకుంటూ వచ్చాడు, 1962లో. పని ముగిసి అందరూ సర్దుకుంటుంటే నేనూ ఒకటి పాడతానన్నాడు. డ్రైవరు కదా, పోనీలే అని వినిపించుకున్నారు. ఆ తర్వాత అయిదేళ్లు ఆ కంపెనీకి ఆయనే పెద్ద దిక్కు.

ఆ ఊళ్లో అప్పుడు నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒక బల్ల దగ్గర కూర్చుని తినే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బుకర్ టి. బృందంలో ఇద్దరు వాళ్లు, ఇద్దరు వీళ్లు. అందరూ కలిసి కూర్చోవాలంటే లొరేన్ మోటెల్‌కి వెళ్లేవాళ్లు. నల్లవాళ్లు నడిపే మోటెల్ అది. ఎడ్డీ ఫ్లాయిడ్, క్రాపర్ అక్కడే ఒక గదిలో, బయట ఉరుములు మెరుపులతో వాన పడుతుంటే కూర్చుని ఒక పెద్ద హిట్ రాశారు. ఉరుములూ మెరుపులూ పాటలోకే వచ్చేశాయి. 1967లో వీళ్లంతా యూరప్ వెళ్తే విమానాశ్రయానికి బీటిల్స్ కార్లు పంపారు. తిరిగొస్తే ఊరు అదే ఊరు.

అదే ఏడాది బార్-కేస్ అని కుర్రాళ్ల బ్యాండు ఒకటి వచ్చింది. పెద్దాయన చదివిన బుకర్ టి. వాషింగ్టన్ హైస్కూలు పిల్లలే. వాళ్ల మొదటి హిట్‌లో పేట పిల్లలు గుంపుగా కేకలు వేస్తారు. స్టూడియో వాళ్లు కోకాకోలాలు ఇప్పించి వేయించిన కేకలవి. అందులో ఒకటి తన తమ్ముడిదని పెద్దాయన అంటారు. ఆ పాట నాకు ఓ యాభైసార్లు వినిపించి ఉంటారు, ప్రతిసారీ "అదిగో, అదిగో" అని వేలు చూపిస్తూ. ఏ గొంతో నాకు ఒక్కసారీ పట్టుబడలేదు. పట్టుబడిందనే చెప్పాను.

డిసెంబరు 10న విస్కాన్సిన్‌లో ఓటిస్ విమానం గడ్డకట్టే చలిలో సరస్సులో కూలింది. ఆయనకి ఇరవై ఆరు. ఆయన వెనక వాయించడానికి వెళ్లిన బార్-కేస్ పిల్లల్లో నలుగురు పోయారు. నీళ్లలోంచి ఒక్కడే బతికి బయటపడ్డాడు, బెన్ కాలీ. విమానంలో చోటు చాలక ఇంకో దారిన వచ్చిన జేమ్స్ అలెగ్జాండర్ ఇంకొకడు. ఓటిస్ చివరి పాట ఆయన పోయాక, జనవరిలో వచ్చి దేశంలో నంబర్ వన్ అయింది. ఆఖర్లో ఈల ఉంటుంది అందులో. ఈ సంగతుల దగ్గరికొస్తే పెద్దాయన మాట తగ్గిపోయేది. "ఆ వారం దాకా కనిపించిన పిల్లలు" అన్నారు ఒకసారి, అంతే.

నాలుగు నెలలు తిరక్కుండా, 1968 ఏప్రిల్ 4న, మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపారు. ఎక్కడో కాదు, ఆ లొరేన్ మోటెల్ బాల్కనీలోనే. చెత్త ఎత్తే కార్మికుల సమ్మెకి మద్దతుగా ఊరికి వచ్చి ఉన్నారాయన. తర్వాత గొడవల్లో ఎన్నో చోట్ల దుకాణాలు తగలబడ్డాయి గానీ స్టాక్స్ జోలికి ఎవరూ పోలేదు. "తగలబెట్టలేదు నిజమే. కానీ లోపల అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మారింది" అన్నారు ఆయన.

ఇంతలో కాగితాల గొడవ. నాకు బాగా కడుపు మండేది ఇక్కడే. న్యూయార్క్‌లోని అట్లాంటిక్ కంపెనీ వీళ్ల రికార్డుల్ని దేశమంతా పంపిణీ చేసేది. ఏళ్ల తరబడి నోటిమాట మీద నడిచింది. 1965లో ఒప్పందం రాసుకున్నారు. జిమ్ స్టీవర్ట్ సరిగ్గా చదవకుండా సంతకం పెట్టాడు. 1967లో అట్లాంటిక్‌ని ఇంకో పెద్ద కంపెనీ కొన్నాక చూసుకుంటే, అప్పటిదాకా పంపిణీకి ఇచ్చిన పాటల మాస్టర్ టేపులన్నీ, అంటే అసలు రికార్డింగులన్నీ, అట్లాంటిక్‌వేనని అందులో ఉంది. పగలంతా బ్యాంకు కాగితాలు చూసి బతికిన మనిషి! అక్క ఇల్లు తాకట్టు పెట్టి మొదలుపెట్టిన కంపెనీకి ఒక్క సంతకంతో ఉల్లికాడలూ పోయాయి, ఓటిసూ పోయాడు. మా వైపు దొంగ దస్తావేజులతో పొలాలు పోగొట్టుకున్న వాళ్లని చూశాను గానీ, ఇది దొంగది కూడా కాదు, అసలుదే.

కంపెనీ అక్కడితో పోలేదు. అల్ బెల్ అని ఒకాయన పగ్గాలు పట్టుకుని, చేతిలో పాత పాట ఒక్కటీ లేదు కాబట్టి 1969లో ఒక్క ఊపున 27 ఆల్బమ్‌లు దించాడు. అందులో ఒకటి గాయకుడు ఐజాక్ హేస్‌ది, నాలుగే పాటలు, ఒకటి పద్దెనిమిది నిమిషాలు దాటుతుంది. అదే అన్నిటికన్నా ఎక్కువ ఆడింది. హేస్‌కి సినిమా పాటకి ఆస్కార్ వచ్చింది. 1972 ఆగస్టులో లాస్ ఏంజెలస్ స్టేడియంలో డాలర్ టిక్కెట్టుతో పెట్టిన కచేరీకి లక్షకి పైగా జనం వచ్చారు. ఆ తర్వాతే దిగుడు. కొత్తగా పంపిణీకి ఒప్పుకున్న సీబీఎస్ దగ్గర రికార్డులు కొట్లకి చేరకుండా ఆగిపోయాయి, బ్యాంకు అప్పులు పెరిగాయి, ఊరి కుర్రాళ్లు డిస్కో వైపు తిరిగారు. జిమ్ స్టీవర్ట్ తన ఇంటిని కూడా పూచీ పెట్టి పోగొట్టుకున్నాడు. 1975 అక్టోబరు 1న అల్ జాక్సన్‌ని ఆయన ఇంట్లోనే ఎవరో కాల్చేశారు. ఆ వెంట్రుకవాసి ఆలస్యం ఆయనతోనే పోయింది. డిసెంబరులో కోర్టు ఉత్తర్వుతో స్టాక్స్ తలుపులకి తాళాలు పడ్డాయి.

ఒకసారి నేను నోరు జారాను. "27 ఆల్బమ్‌లు ఒకేసారి ఏంటండీ, కాస్త చూసుకుని ఖర్చుపెట్టి ఉంటే నిలబడేది కదా" అన్నాను. ఆయన నా వైపు తిరిగి, "నువ్వు బ్యాంకువాడిలా మాట్లాడుతున్నావు" అన్నారు. రెండు రోజులు కాఫీకి పిలవలేదు. ఇప్పటికీ నా అభిప్రాయం అదే. కాకపోతే తాళం పడిన రోజు ఆ పేటలో ఇరవై అయిదేళ్ల కుర్రాడిగా ఉన్నది ఆయన, నేను కాదు.

ఆ ఊరి పాట అంతా ఒక్క హాల్లోనే లేదు లెండి. ఇంకో పాత సినిమా హాలు, రాయల్ స్టూడియోస్, విల్లీ మిచెల్ గారిది. అక్కడా వాలు నేలే. గాయకుడు అల్ గ్రీన్ 1970ల పెద్ద హిట్లు అక్కడివే, వాటిలో ఎన్నిటికో డ్రమ్ములు వాయించిందీ అదే అల్ జాక్సన్. అది మూతపడలేదు, విల్లీ పిల్లలు నడుపుతున్నారు. 2014లో మన పెళ్లిళ్ల డీజేలు కూడా అరగదీసిన 'అప్‌టౌన్ ఫంక్'లో కొంత భాగం అక్కడ రికార్డయిందే. అల్ గ్రీన్ 1976లో ఊళ్లో చర్చి పెట్టి పాస్టర్ అయ్యారు. ఒక ఆదివారం పెద్దాయన నన్నూ మా ఆవిడనీ తీసుకెళ్లారు. అల్ గ్రీన్ ఆ వారం ఊళ్లో లేరు. అయినా మూడు గంటలు ఎలా గడిచాయో తెలియలేదు. పక్కనున్న బామ్మ మా ఆవిడ చేతికి తాంబురిన్ ఇచ్చేసింది. కూచిపూడి నేర్చుకున్న మనిషి కదా, రెండో దెబ్బ ఠంచనుగా వేసేస్తోంది. ఆ బామ్మ మా ఆవిడ మణికట్టు పట్టుకుని, కాస్త ఆపి, అప్పుడు వదిలింది.

2003లో ఆ ఖాళీ జాగాలోనే మ్యూజియం కట్టారు, పాత హాలు ఎలా ఉండేదో అలాగే, పైన 'సోల్స్‌విల్ యూఎస్ఏ' బోర్డుతో సహా. పక్కనే పిల్లలకి సంగీతం బడి. నేను అప్పటికి డాలస్ మారిపోయాను. అయినా మే నెలలో వెళ్లాను, ఇద్దరం కలిసి చూద్దామని. లోపల ఐజాక్ హేస్ బంగారు పూత కాడిలాక్ గిర్రున తిరుగుతోంది. అది దాటి స్టూడియో గదిలోకి వెళ్తే నేల వాలుగా ఉంది. కొలతలు చూసి మళ్లీ వాలుగా కట్టారు. నేను ముందుకి నడిచాను. ఆయన గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

"రండి" అన్నాను.

"నేనెప్పుడూ ఈ గదిలోకి రాలేదు" అన్నారు.

అయిదేళ్లుగా ఆయన చెప్పినవన్నీ విని, ఎవరు ఎక్కడ నిలబడి వాయించారో, బూరలు ఏ మూల ఉండేవో, అన్నీ కళ్లతో చూశారనుకున్నాను. ఆయన విన్నదంతా గోడ అవతల నుంచి. కౌంటర్ దగ్గర నిలబడి. ఇప్పుడు మొదటిసారి లోపలికి అడుగుపెడుతున్నారు, అదీ అసలు గదిలోకి కాదు.

వచ్చారు. ఓ నిమిషం నిలబడి, బూటు మడమతో వాలుని అటూ ఇటూ తడిమి చూసి, "బాగానే కట్టారు" అని బయటికి నడిచారు. నేను మిగతా గదులన్నీ తిరిగి వచ్చేసరికి అరగంట పట్టింది. ముందు వైపు వస్తువులు అమ్మే కొట్టుకి పాత పేరే పెట్టారు, శాటిలైట్ అని. ఆయన అక్కడున్నారు, కౌంటర్‌కి మోచెయ్యి ఆనించి. అమ్మే పిల్ల ఏం కావాలని అడిగినట్టుంది. "ఏం వద్దమ్మా, ఊరికే" అంటున్నారు. పైన స్పీకర్లలో ఉల్లికాడలు వస్తున్నాయి. ఆయన కాలు కదులుతోంది.

నేను కారు తీసుకురావడానికి వెళ్లాను.